మీ నాయకుడు ఏ టీమ్ ఫ్యానో నాకక్కర్లేదు, ఎక్కడ కూర్చుంటాడో చెప్పండి

2025 డిసెంబర్ 13న మెస్సీ ఒకే రోజు రెండు ఊళ్లలో కనపడ్డాడు, పొద్దున కోల్‌కతా, సాయంత్రం హైదరాబాద్. కనపడ్డాడు అంటున్నాను గానీ కోల్‌కతాలో వేలు పోసి టికెట్ కొన్నవాళ్లకి ఆ భాగ్యం కూడా దక్కలేదు. సాల్ట్ లేక్ స్టేడియంలోకి ఆయన అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చుట్టూ మంత్రి, మంత్రి మనుషులు, వాళ్ల మనుషులు, ఫోన్లు పైకెత్తి సెల్ఫీలు తీసుకునేవాళ్లు. గ్యాలరీలో ఉన్నవాళ్లకి కనపడింది ఆ గుంపు వీపులే. మెస్సీ అనుకున్నదానికంటే చాలా ముందే వెళ్లిపోయాడు. ఆ తర్వాత కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి, జనం కంచెలు దాటి గ్రౌండ్‌లోకి దూకారు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ బహిరంగంగా క్షమాపణ చెప్పి విచారణ వేశారు, కొద్ది రోజులకే క్రీడల మంత్రి అరూప్ బిశ్వాస్ పదవి వదులుకోవాల్సి వచ్చింది.

అదే రోజు సాయంత్రం ఉప్పల్‌లో అంతా సాఫీగా జరిగింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తొమ్మిదో నంబర్ జెర్సీ వేసుకుని దిగారు, పరిగెత్తారు, మెస్సీతో కలిసి పాస్‌లు ఆడారు. మెస్సీ, సువారెజ్, డి పాల్ బంతుల్ని గ్యాలరీల్లోకి తన్నుతుంటే జనం కేరింతలు కొట్టారు. రాహుల్ గాంధీ వచ్చారు, జెర్సీ అందుకున్నారు. కోల్‌కతా చూసి ఉదయం నుంచీ టెన్షన్ పడినవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మన పోలీసులకి, ఏర్పాట్లు చూసినవాళ్లకి ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే.

ఆ తర్వాత వారం రోజులు మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. రేవంత్‌కి ఫుట్‌బాల్ మీద నిజంగా ప్రేమా, లేక షోనా? నాకైతే ఆయన ప్రేమ మీద అనుమానం లేదు. 2024 మే నెలలో లోక్‌సభ ఎన్నికల ప్రచారం ముగిసిన మర్నాడే ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లి విద్యార్థులతో ఫుట్‌బాల్ ఆడారు. నెలల తరబడి ఎండలో తిరిగి గొంతు పోయిన మనిషి, ఖాళీ దొరగ్గానే బంతి వెనక పరిగెత్తాడంటే అది ఇష్టమే అయ్యుంటుంది. కానీ ఆ ఇష్టం నిజమా కాదా అని తేల్చుకోవడానికి మనం ఇంత ఓపిక ఎందుకు ఖర్చు పెడుతున్నామన్నది నాకు అర్థం కాదు.

ఇంగ్లండ్‌లో ఈ పరీక్ష నాయకులకి చాలా గట్టిగా పెడతారు. అక్కడ నువ్వు ఏ క్లబ్ అభిమానివి అన్నది నువ్వు ఏ ఊరివాడివి, ఎలాంటి ఇంట్లో పుట్టావు అన్నదాంతో ముడిపడి ఉంటుంది. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ తనని ఆస్టన్ విల్లా ఫ్యాన్ అని చెప్పుకునేవాడు. 2015 ఏప్రిల్‌లో, ఎన్నికలు నెత్తి మీద ఉండగా, ఒక ప్రసంగంలో వెస్ట్ హామ్‌కి మద్దతివ్వండి అనేశాడు. రెండు క్లబ్బుల జెర్సీ రంగులూ ఇంచుమించు ఒకటే, కానీ చిన్నప్పటి నుంచి ఒక క్లబ్‌ని గుండెల్లో పెట్టుకున్నవాడు ఆ పొరపాటు చేస్తాడా అని దేశమంతా పట్టుకుంది. ఆ గోల జరిగిన రెండు వారాలకి ఓట్లు పడ్డాయి, కామెరాన్ ముందటి కంటే ఎక్కువ సీట్లతో సొంత మెజారిటీ తెచ్చుకున్నాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే దేశంలోనే జనం నవ్వుకుని, ఓటు మాత్రం వేరే లెక్కలు చూసి వేశారు.

మన దగ్గర ఆ పరీక్ష కూడా లేదు. మనవాళ్లందరూ క్రికెట్ ఫ్యాన్లే, అందరూ టీమ్ ఇండియా ఫ్యాన్లే, ఇండియా గెలిచిన పది నిమిషాల్లో అందరి ఖాతాల్లోనూ ఒకేలాంటి అభినందన పోస్టు పడుతుంది. కాబట్టి ఎవరు అసలు ఫ్యాన్, ఎవరు నకిలీ అని చూడటంలో మనకి ఒరిగేదేం లేదు. నేను చూసేది ఒక్కటే: ఆట జరిగేటప్పుడు ఆ నాయకుడు ఎక్కడున్నాడు? గ్యాలరీలోనా, ఆటగాడి పక్కన ఫ్రేమ్‌లోనా? ఆయనకి ఆటంటే ఉన్న ప్రేమ వల్ల వెనక్కి జరగాల్సి వచ్చింది ఎవరు?

బెంగళూరులో జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. 2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో ఆర్సీబీ పద్దెనిమిదో సీజన్‌లో మొదటిసారి ఐపీఎల్ కప్పు గెలిచింది. జనం రాత్రంతా రోడ్ల మీదే ఉన్నారు. ఆ మర్నాడే సంబరం పెట్టేశారు. ఒక్క రోజు ఆగితే ఏం పోయేది? ఉప ముఖ్యమంత్రి డీకే శివకుమార్ స్వయంగా ఎయిర్‌పోర్టుకి వెళ్లి టీమ్‌కి స్వాగతం చెప్పారు. విధానసౌధ మెట్ల మీద ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, గవర్నర్, మంత్రుల సమక్షంలో సన్మానం. అక్కడికి దగ్గర్లోనే ఉన్న చిన్నస్వామి స్టేడియంలో పట్టేది దాదాపు 35 వేల మంది, వచ్చింది లక్షల్లో. గేట్ల దగ్గర తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. ఎక్కువమంది కుర్రవాళ్లు, చదువుకునే పిల్లలు.

తర్వాత తప్పు ఎవరిదన్న వాదన మొదలైంది. ప్రభుత్వం ఆర్సీబీ వైపు వేలు చూపించింది, పోలీస్ కమిషనర్‌ని సస్పెండ్ చేసింది, అనుమతి లేకుండా జనాన్ని పిలిచారని చెప్పింది. ఆ టీమ్ యాజమాన్యం చేసింది తక్కువ తప్పేం కాదు. కానీ నాకు మింగుడుపడని విషయం వేరే ఉంది. అది ఒక ప్రైవేటు కంపెనీ టీమ్, వేలంలో కొన్న ఆటగాళ్లు. ఒక రాష్ట్ర ప్రభుత్వం అసెంబ్లీ మెట్ల మీద దానికి సన్మానం చేయాల్సిన పనేమిటి? అది కూడా ఇరవై నాలుగు గంటలు తిరక్కముందే? ముందు రాత్రంతా బందోబస్తులో ఉన్న పోలీసులకి కాస్త ఊపిరి తీసుకునే టైమ్ కూడా ఇవ్వకుండా? వేడి చల్లారకముందే ఆ కప్పు పక్కన నిలబడాలన్న తొందర తప్ప నాకు మరో కారణం కనపడదు. ఏ పార్టీ ఉన్నా ఇదే జరిగేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అందుకే దీన్ని పార్టీల గొడవగా చూడొద్దంటున్నాను.

ఇదంతా పెద్ద ఊళ్ల సంగతి అనుకోకండి. సంక్రాంతికి మా అమ్మమ్మ గారి ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ టోర్నమెంట్ జరుగుతుంది, మీ ఊళ్లోనూ జరుగుతుంది. గేటు దగ్గర ఫ్లెక్సీ, దాని మీద మొదటి బహుమతి దాత ఫలానా, రెండో బహుమతి దాత ఫలానా, ఆ ఫొటోల సైజు పదవిని బట్టి. కింద మూలన, కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో, టోర్నమెంట్ నడిపే కుర్రాళ్ల పేర్లు. ఒకసారి ఫైనల్ రోజు నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం రెండింటికి మొదలవ్వాల్సిన మ్యాచ్. నాయకుడు గారు వస్తున్నారు, దారిలో ఉన్నారు, అదిగో పక్క ఊళ్లో ఉన్నారు అని మైకులో చెబుతూనే ఉన్నారు. రెండు టీములూ ఎండలో లైన్ కట్టి నిలబడ్డాయి. పక్క మండలం నుంచి బైకుల మీద వచ్చిన టీములో ఒక లెఫ్ట్ హ్యాండ్ కుర్రాడు, సెమీఫైనల్లో వరస సిక్సులు కొట్టినవాడు, ప్యాంటు మడిచి మోకాలికి తగిలిన దెబ్బ మీద తడి గుడ్డ కట్టుకుని, ఆ కాలిమీద బరువు పెట్టకుండా ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూస్తున్నాడు. కూర్చోమంటే కూర్చోడు, నాయకుడొస్తే లైనులో లేకపోతే బాగుండదని.

నాయకుడు నాలుగు దాటాక వచ్చాడు. శాలువాలు, దండలు, రిబ్బన్, ప్రసంగం. ప్రసంగంలో తను కాలేజీ రోజుల్లో ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ని అని చెప్పాడు, అయ్యుండొచ్చు కూడా. తర్వాత బ్యాట్ పట్టుకున్నాడు. అవతలి కెప్టెన్ రెండడుగులు నడిచొచ్చి చేతికందేలా బంతి వేశాడు. మొదటిది తగల్లేదు, రెండోది తగిలింది, ఫొటోగ్రాఫర్ మళ్లీ ఒకటి అన్నాడు. అప్పటికి వెలుతురు తగ్గిపోతోంది. పది ఓవర్ల ఫైనల్‌ని ఆరు ఓవర్లకి కుదించారు. రెండో ఇన్నింగ్స్‌లో బంతి కనపడక ఆ లెఫ్ట్ హ్యాండ్ కుర్రాడు క్యాచ్ ఇచ్చి అవుటయ్యాడు, ఏమీ అనకుండా బ్యాట్ చంకలో పెట్టుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు. పండక్కి ముందు నుంచీ ఆ టోర్నమెంట్ కోసం పని మానుకుని ప్రాక్టీస్ చేసిన పిల్లాడు. మర్నాడు పొద్దున చూస్తే గ్రౌండ్ నిండా షామియానా గుంజలు పీకిన గుంతలు. ఆ స్కూల్లో ఆడపిల్లలు కబడ్డీ ఆడేది సరిగ్గా ఆ చోటే. గుంతలు పూడ్చే దాత పేరు ఏ ఫ్లెక్సీ మీదా లేదు.

ఆ నాయకుడికి క్రికెట్ అంటే ఇష్టం లేదని నేననడం లేదు. డబ్బు కూడా ఆయనే ఇచ్చాడు. ఇచ్చి, టైముకి వచ్చి, షామియానా కింద కూర్చుని, పూర్తి పది ఓవర్ల మ్యాచ్ చూసి, చివర్లో కప్పు చేతికిచ్చి వెళ్లుంటే ఆ ఊరు ఆయన్ని ఏళ్ల తరబడి చెప్పుకునేది.

మళ్లీ హైదరాబాద్ ఫుట్‌బాల్ దగ్గరికొస్తాను, ఎందుకంటే నాకు నిజంగా బాధ కలిగించే కథ ఇదే. ఈ ఊరు ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు లాంటిది. సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడివాడు. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఆ రోజుల్లో పెద్ద టోర్నమెంట్ అయిన రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియా 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వాడే. ఆ తర్వాత దశాబ్దాల తరబడి అదంతా మాసిపోయింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచినప్పుడు పాత బస్తీ నుంచి సికింద్రాబాద్ దాకా పాతతరం వాళ్ల మొహాలు ఎలా వెలిగిపోయాయో చూసినవాళ్లకే తెలుసు. ఆ తర్వాత ఆ క్లబ్ జీతాలు ఇవ్వలేని పరిస్థితికి దిగజారింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, యాజమాన్యం మారింది. చివరికి 2025లో క్లబ్ మొత్తం ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మెస్సీ ఉప్పల్‌కి రావడానికి కొన్ని వారాల ముందే ఇది జరిగింది.

అంటే ఫుట్‌బాల్ ఆడే ముఖ్యమంత్రి ఉన్న ఊరు, మెస్సీని ఒక సాయంత్రం తెచ్చుకున్న ఊరు, తన సొంత ఛాంపియన్ క్లబ్‌ని కాపాడుకోలేకపోయింది. ప్రభుత్వం ప్రైవేటు క్లబ్‌ని కొనాలని నేనడగను, ఇందాక బెంగళూరు గురించి రాసిన మాటకి అది విరుద్ధం. కానీ గచ్చిబౌలి స్టేడియం అద్దె, ఫ్లడ్‌లైట్లు, యూత్ టీములకి గ్రౌండ్, ఇలాంటివన్నీ ప్రభుత్వం చేతిలోవే. మెస్సీ వచ్చిన రోజు ముఖ్యమంత్రి ఆడిన టీమ్‌కి బొగ్గు కంపెనీ సింగరేణి పేరు పెట్టారు కదా, ఆ సింగరేణి డబ్బు ఒక్క సాయంత్రానికి ఎందుకని ప్రతిపక్షం అడిగితే రాజకీయం అన్నారు. నాకది సరైన ప్రశ్నే అనిపించింది. కార్మికుల పిల్లలు ఆడుకునే కొత్తగూడెం, గోదావరిఖని గ్రౌండ్లకి ఆ పేరు, ఆ డబ్బు ఏడాది పొడుగునా వెళితే ఎలా ఉంటుందో ఆలోచించండి. రేవంత్ గారికి న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఆ డిసెంబర్లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లో జరిగాయి, క్రీడా విశ్వవిద్యాలయం మాట మొదలుపెట్టింది కూడా ఆయన ప్రభుత్వమే. దిశ మంచిదే. ఆయన తర్వాత కూడా అది మిగులుతుందా అన్నదే నా భయం.

ఆ భయం ఊరికే రాలేదు. నాయకుడి ఇష్టంతో వచ్చిన ఆట నాయకుడితోనే పోవడం మనం వరసగా చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ప్రభుత్వం మారింది, 2024 రేసు రద్దయింది, ఇప్పుడు దాని గురించి వినపడేది కేటీఆర్ మీద కేసు సంగతే. ఆంధ్రలో 2023 డిసెంబర్ 26న జగన్ గుంటూరులో ‘ఆడుదాం ఆంధ్రా’ ఆటల పోటీలు మొదలుపెట్టారు, బ్యాట్ పట్టుకున్న ఫొటోలు ఊరూరా కనపడ్డాయి. ఎన్నికల తర్వాత దాని మీద మిగిలింది ఖర్చు లెక్కల విచారణే. ఏది తప్పు ఏది ఒప్పు అన్నది కోర్టులు, విచారణ సంస్థలు చూసుకుంటాయి. ఊరి పిల్లాడికి మాత్రం బ్యాటూ లేదు, గ్రౌండూ లేదు.

ఒడిశా చూడండి. నవీన్ పట్నాయక్ స్కూల్లో హాకీ ఆడాడంటారు. ఆయన మాట్లాడేదే తక్కువ, స్టిక్ పట్టుకుని గ్రౌండ్‌లో పరిగెత్తిన ఫొటోల కోసం వెతికితే పెద్దగా దొరకవు. 2018లో, సహారా వెళ్లిపోయాక స్పాన్సర్ లేని భారత హాకీకి ఒడిశా ప్రభుత్వం స్పాన్సర్ అయింది, పురుషుల టీమ్‌కీ మహిళల టీమ్‌కీ. ఒక రాష్ట్రం జాతీయ జట్టుకి స్పాన్సర్ కావడం అంతకుముందు లేదు. 2018, 2023 పురుషుల ప్రపంచకప్‌లు అక్కడే. రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో పెద్ద హాకీ స్టేడియం కట్టారు. అది సుందర్‌గఢ్ జిల్లా, ఆదివాసీ పిల్లలు వెదురు కర్రలతో హాకీ నేర్చుకునే నేల. టోక్యోలో మన పురుషుల జట్టు 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చింది, ఆడపిల్లలు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ రోజుల్లో దేశం మొత్తం భువనేశ్వర్‌కి థాంక్స్ చెప్పింది.

2024లో నవీన్ ఓడిపోయారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత. హాకీ ఆయనకి ఓట్లు తెచ్చిపెట్టలేదు, తెస్తుందని ఆయనా అనుకుని ఉండడు. కానీ కొత్తగా వచ్చిన బీజేపీ ప్రభుత్వం ఆ స్పాన్సర్‌షిప్‌ని రద్దు చేయలేదు, 2036 దాకా పొడిగించింది. ఎందుకంటే అది అప్పటికే ఒప్పందాలుగా, స్టేడియంలుగా, హాస్టళ్లుగా, కోచ్‌ల జీతాలుగా మారిపోయింది, ఒక మనిషి ఫొటోగా మిగల్లేదు.

మన దగ్గరా ఇలాంటిది ఒకటుంది, దాన్ని మనం సరిగ్గా గుర్తుపెట్టుకోం. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన గోపీచంద్‌కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు బ్యాడ్మింటన్ ఫ్యాన్ అని ఎవరైనా అనగా నేను వినలేదు. గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టాడు, దాతలు ముందుకొచ్చారు, 2008లో అకాడమీ తెరుచుకుంది. ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన సైనా, రజతం తెచ్చిన సింధు, శ్రీకాంత్, సాయి ప్రణీత్, ఇంతమంది అక్కడి కోర్టుల్లో చెమటోడ్చినవాళ్లే. మెడల్ వచ్చాక కోట్ల చెక్కులు, ఇళ్ల స్థలాలు ఇవ్వడం తప్పు కాదు, కడప నుంచి వచ్చిన క్రికెటర్ శ్రీచరణికి 2025లో వరల్డ్ కప్ గెలిచాక ఇచ్చింది చూసి నేనూ సంతోషించాను. కానీ అలాంటి అమ్మాయి గెలవకముందు, ఎవరికీ తెలియనప్పుడు, నెట్స్ ఎక్కడున్నాయని వెతుక్కునే రోజుల్లో అందేది వేరు. అప్పుడు కెమెరా ఉండదు.

చివరగా మ్యాచ్‌ల ఉచిత పాస్‌ల సంగతి, ఇది మన జేబుకి సంబంధించింది. 2022 సెప్టెంబర్‌లో ఇండియా–ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్ దగ్గర తెల్లవారుజాము నుంచి నిలబడ్డ జనం తొక్కిసలాటలో గాయపడ్డారు, లాఠీలు కూడా తిన్నారు. అదే మ్యాచ్‌కి పాస్‌ల మీద వచ్చినవాళ్లు ఏసీ బాక్సుల్లో కూర్చున్నారు. 2025 మార్చిలో ఉచిత టికెట్ల కోసం వేధిస్తున్నారని సన్‌రైజర్స్ వాళ్లు హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ (హెచ్‌సీఏ)కి రాసిన లేఖ బయటికొచ్చి, విజిలెన్స్ విచారణ దాకా వెళ్లింది. ఒప్పందం ప్రకారం హెచ్‌సీఏకి స్టేడియంలో పది శాతం, అంటే 3,900 ఉచిత టికెట్లు వెళతాయని అప్పుడే మనందరికీ తెలిసింది. అవి ఎవరెవరి ఇళ్లకి వెళుతున్నాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. కొన్ని క్లబ్ క్రికెటర్లకీ, మాజీ ఆటగాళ్లకీ వెళ్లాలి, అది వాళ్ల హక్కు. మిగతావాటి జాబితాని ప్రతి మ్యాచ్ తర్వాత, పేరు, హోదా, ఎన్ని పాస్‌లు అన్న మూడు గడులతో, హెచ్‌సీఏ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. విశాఖ మ్యాచ్‌లకి ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ కూడా. క్రికెట్ అంటే ప్రాణం అనే ప్రతి ఎమ్మెల్యేనీ, ఎంపీనీ ఈసారి మీరు కలిసినప్పుడు ఈ ఒక్క మాట అడగండి: ఆ జాబితా పెట్టించడానికి మీరు లేఖ రాస్తారా, లేదా?